నడిచే మిషన్‌ని విప్పొద్దు

దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు ఏనాడూ అంట్లు తోమినవాళ్ళు కాదని మాత్రం తెలిసిపోతుంది. అంట్ల దగ్గరికి వచ్చే దెయ్యానికి అర్ధరాత్రి ఏం పని? భోజనాలయ్యాక వస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలకి, తిన్నవాళ్ళంతా చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక, కంచాలు గుట్టగా పడి ఉన్నప్పుడు, వంటింట్లో ఈగలు తప్ప ఎవరూ మాట్లాడని వేళకి వస్తుంది. స్పానరక్క ఇంటికి అలాగే వచ్చింది.

స్పానరక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్ళుగా మిక్సీలు, మోటార్లు, వాషింగ్ మిషన్లు బాగుచేస్తోంది. ఆడదాని చేతికి స్పానరేమిటని నవ్వినవాళ్ళ మిక్సీలన్నీ చివరికి ఆవిడ బల్ల మీదికే వచ్చాయి. వచ్చినప్పుడు ఆ నవ్వు గుర్తుచేసి మరీ బాగుచేసేది. ఆవిడ బల్ల ఇంటి వెనక వరండాలో ఉంటుంది. ముందు గదుల్లో చెల్లెలు మెస్ నడుపుతుంది. మధ్యాహ్నం అరవై మంది తింటారు.

చెల్లెలు నోట్లో నాలుక లేని మనిషి. అంట్లు తోమే ఆవిడ పని మానేసి వెళ్ళిపోతే, ఇంకొకరు దొరికేదాకా నేనే తోముతానంది. ఇంకొకరు దొరకలేదు. ఏడాది తిరిగేసరికి చేతులు పాడయిపోయాయి. వేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయి, కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు కారేది. పాత గుడ్డ చింపి వేలికి చుట్టుకుని, దారంతో కట్టుకుని, మళ్ళీ తోమేది. ఇంకో మూడు నెలలు ఇలాగే నీళ్ళలో నానితే ఈ వేళ్ళు వంగవమ్మా అని డాక్టరు చెప్పాడు. చెల్లెలు నవ్వి, "ఒకటి ఎప్పుడో వంగనే వంగింది కదా" అంది.

ఎడమచేతి చిటికెన వేలు. చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగి, వంకరగానే అతుక్కుంది. ఆ తలుపు విసురుగా వేసింది స్పానరక్కే. నలభై ఏళ్ళయినా ఆ వేలు కంటపడినప్పుడల్లా ఆవిడ చూపు పక్కకి తిప్పుకునేది. ఆ రోజు డాక్టరు దగ్గర్నుంచి వస్తూ రోడ్డు మీదే నిలబడి చెప్పింది.

"నెల తిరిగేసరికి నీ చెయ్యి అంట్ల నీళ్ళలో పడకుండా చేస్తాను. చెయ్యకపోతే నా పేరు మార్చుకుంటా."

"ఏ పేరు? స్పానరా?" అంది చెల్లెలు.

అంట్లు తోమే కొత్త మిషన్ కొనే తాహతు ఇద్దరికీ లేదు. అయినా అన్నమాట అన్నమాటే.

వారం తర్వాత ఏదో వాషింగ్ మిషన్‌కి బెల్టు కోసం ఇనపకొట్టుకి వెళ్ళింది. ఇనపకొట్టాయన ముసలివాడు, స్పానరక్కకి ఇరవై ఏళ్ళ పరిచయం. బెల్టులు వెతుకుతుంటే వెనక గోడ వార, టార్పాలిన్ కింద తెల్లగా ఏదో కనపడింది. ఎత్తి చూసింది. నడుమెత్తు పెట్టె. ఎనామిల్ పూత. కిందికి వాలేటట్టు తెరుచుకునే బరువైన తలుపు. మూలన గుండ్రటి నాబ్, దాని మీద అరిగిపోయిన అంకెలు. తలుపు హ్యాండిల్‌ని ఇనప తీగతో మూడు చుట్లు చుట్టి బిగించి ఉంది.

"ఇదేంటి బాబాయ్?"

"ఏముంది, పాత బీరువా."

"బీరువాకి నీళ్ళ పైపెందుకు?"

ముసలాయన తేలు కుట్టిన దొంగలా చూశాడు. "ఊరవతల క్లబ్బు పడగొట్టారు కదమ్మా. వంటింట్లోదట. అంట్లు తోమే మిషనట. నీకెందుకది, నీకు కావలసింది బెల్టు కదా."

"తీగెందుకు కట్టారు?"

"తలుపు ఊగుతోందని కట్టుంటారు."

"ఎంత చెప్తావు?"

"నువ్వు తీసుకెళ్తానంటే తీసుకెళ్ళిపో."

ఆ కొట్లోంచి ఊరికే బయటికొచ్చిన వస్తువు అంతవరకు లేదు. తుప్పు పట్టిన మేకు కూడా తూచి ఇస్తాడాయన. ఆ మాటకే అనుమానం రావలసింది. కానీ స్పానరక్క కళ్ళ ముందు అప్పుడు మిషన్ లేదు, చెల్లెలి చేతులున్నాయి. ఆటో ట్రాలీ పిలిచింది. డ్రైవరూ తనూ చెరో పక్క పట్టుకుంటే మిషన్ చటుక్కున లేచింది. ఇంత పెద్దది ఇంత తేలికేమిటని డ్రైవరు అడిగితే, "నా కండలు చూసి భయపడింది" అని నవ్వేసింది.

శుభ్రం చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. తీగ కత్తిరించి తలుపు తెరవగానే వాసన కొట్టింది. ఏళ్ళ తరబడి మూసిన డబ్బా వాసన కాదు అది. తడి బూడిద వాసన. చల్లారిన పొయ్యి మీద నీళ్ళు పోసినట్టు. తర్వాత బొద్దింకల వాసన వచ్చి దాన్ని కప్పేసింది.

లోపలి తీగ అరలు రెండూ బయటికి లాగి, ఎండలో పెట్టి, తుప్పు గీకి, రంగు వేసింది. గోడలకి వేలి మందాన ఉప్పు పేరుకుని ఉంటే వెనిగర్‌లో ముంచిన గోనెపట్టాలు రాత్రంతా అంటించి ఉంచి, పొద్దున్నే చెక్కతో గీకింది. నీళ్ళు చిమ్మే రెక్కకి ముప్పై రెండు చిల్లులు. ఒక్కొక్క చిల్లునీ పిన్నీసుతో పొడిచి తెరిచింది. తలుపు చుట్టూ రబ్బరు పెళుసుబారి ముట్టుకుంటేనే రాలిపోతోంది. కారు అద్దాలకి వేసే రబ్బరు కొనుక్కొచ్చి కొలిచి అతికించింది.

రెండు విషయాలు మాత్రం ఆవిడకి నచ్చలేదు. ఒకటి, వెనక రేకు. దాని మధ్యలో పెద్ద చతురస్రం కోసి, తర్వాతెప్పుడో ఇంకో రేకు ముక్క పెట్టి రివిట్లు కొట్టారు. నీళ్ళు నిలవాల్సిన పెట్టెకి ఎవరైనా వెనక కిటికీ పెడతారా? ఏ తెలివితక్కువవాడి పనో ఇది అనుకుని, అంచుల్లో లప్పం పూసి వదిలేసింది. రెండోది, అడుగున ఉన్న జాలీ. నీళ్ళలో కొట్టుకొచ్చే మెతుకులు ఆగేది అక్కడ. దాన్ని విప్పి బోర్లిస్తే నల్లటి మడ్డితో పాటు చిన్న గుడ్డ గొట్టం ఒకటి పడింది. నీలిచారల గుడ్డ, మూడు చుట్లు, పైన దారం ముడి. వేలు లేదు గానీ వేలి ఆకారం అలాగే ఉంది.

చెల్లెలు దాన్ని చూసి, "నాదేనేమో అక్కా, గాలికి పడుంటుంది" అంది. ఆవిడ వేళ్ళకి ఉన్నవి పసుపు గుడ్డలు.

మోటారు అడుగు పలక వెనక ఉంటుంది. పలక స్క్రూలు ఆరూ తుప్పుతో బిగుసుకుపోయాయి. నూనె పోసి నాననిచ్చింది. ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆదివారం మెస్‌కి సెలవు, చెల్లెలు శనివారం నాటి మాడు గిన్నె ముందేసుకుని కూర్చుంది. అది చూస్తూ ఆగడం స్పానరక్క వల్ల కాలేదు.

"నడవదులే. నీళ్ళ వాల్వు తెరుచుకుంటుందో లేదో చూద్దాం, అంతే" అని కుళాయికి పైపు తగిలించి, ప్లగ్గు పెట్టింది. చెల్లెలు ఆ మాడు గిన్నె, నాలుగు కంచాలు, జిడ్డు పట్టిన రెండు మూతలు సర్దింది. తలుపు వేసి నాబ్ తిప్పారు.

టిక్... టిక్... టిక్... గడియారంలాగే. తర్వాత నీళ్ళు పడిన చప్పుడు. తర్వాత కాసేపు ఏమీ లేదు. స్పానరక్క ప్లగ్గు మీద చెయ్యి వేసింది, ఇంక తీసేద్దామని.

అప్పుడు మొదలైంది. నీళ్ళు చిమ్మే చప్పుడు కాదది. గర... గర... గర. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి, మళ్ళీ మొదటికి. ఆగి, గిన్నె తిప్పుకున్నట్టు చిన్న టంగుమన్న చప్పుడు. మళ్ళీ గర... గర.

"తోముతున్నట్టే ఉంది కదక్కా" అంది చెల్లెలు.

"దాని పనే అది కదే" అంది స్పానరక్క.

ముప్పావు గంటకి టిక్కు టిక్కు ఆగింది. తలుపు తెరిచారు. వేడినీళ్ళ మిషన్ అంటారు, ఆవిరి కూడా రాలేదు. గిన్నెలు చల్లగా ఉన్నాయి. కానీ ఆ మాడు... పొయ్యి మీద పదేళ్ళుగా నల్లబడిన గిన్నె అడుగు సహా తెల్లగా తళతళలాడుతోంది. ముఖం కనపడుతోంది అందులో. చెల్లెలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ చేతులు నొప్పి పుడుతున్నాయని ఒక్కమాట అనని మనిషి, ఆ రోజు మాత్రం, "నొప్పి భరించలేకపోయానక్కా" అని చెప్పుకుని ఏడ్చింది.

స్పానరక్క ఆ ఆరు స్క్రూల వైపు ఓసారి చూసింది. నూనె బాగా దిగింది, ఇప్పుడు వచ్చేస్తాయి. కానీ ఆవిడకి పని నేర్పిన మేస్త్రి మొదటి రోజే ఒక మాట చెప్పాడు: నడిచే మిషన్‌ని విప్పొద్దు. విప్పితే అది నీ ముఖం చూసి అలుగుతుంది, మళ్ళీ నడవదు. ఈ పనిలో ఉన్నవాళ్ళంతా ఆ మాట నమ్ముతారు. ముప్పై ఏళ్ళలో స్పానరక్క ఒక్కసారి కూడా దాన్ని దాటలేదు. స్క్రూడ్రైవరు డబ్బాలో పడేసింది.

తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో పండగే. మూడింటికి కంచాలు పెట్టడం, నాబ్ తిప్పడం, ఐదింటికి తీసి బోర్లించుకోవడం. పాత మిషనైనా కరెంటు మీటరు పెద్దగా తిరగడం లేదని స్పానరక్క అందరికీ చెప్పుకుంది. చెల్లెలి వేళ్ళ పగుళ్ళు మూసుకున్నాయి. పసుపు గుడ్డలన్నీ విప్పి స్వయంగా పొయ్యిలో వేసింది.

చిన్న చిన్నవి కొన్ని జరిగాయి. కంచాలు తాము పెట్టిన వరసలో కాకుండా, చిన్నవి ఒక పక్క, పెద్దవి ఒక పక్క సర్ది ఉండేవి. ఎవరో ఒద్దికైన మనిషి సర్దినట్టు. జాలీ విప్పినప్పుడల్లా గుడ్డ తొడుగొకటి వచ్చేది. ఒకసారి గళ్ళది, ఒకసారి పువ్వులది. ఒకటి తడిగా, ఎర్రగా ఉంది. స్పానరక్క దాన్ని చెల్లెలికి చూపించకుండా పారేసింది. ఇంకో సంగతి కూడా ఉంది. పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకునేటప్పుడు చెల్లెలి వేళ్ళ కొసలు తెల్లగా, ముడతలు పడి కనపడేవి. చాలాసేపు నీళ్ళలో నానినట్టు. డాక్టరు ఇచ్చిన మందు రాసుకుంటున్నాను కదా, దానివల్లేనేమో అంది చెల్లెలు. కావచ్చులే అనుకుంది స్పానరక్క. మనకి బాగున్నప్పుడు అన్నిటికీ ఏదో ఒక కారణం దొరుకుతుంది.

నాలుగో వారం వాన పట్టుకుంది. ఆ రోజు మధ్యాహ్నం మిషన్ నడుస్తుండగా ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. వీధంతా ఒక్కసారి చప్పబడింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. ఫ్రిజ్ గురగుర ఆగింది. చెల్లెలు బల్ల తుడుస్తున్నదల్లా తలెత్తింది.

టిక్... టిక్... గర... గర... గర.

"అక్కా" అంది చాలా మెల్లగా.

స్పానరక్క వరండాలోంచి లోపలికొచ్చి నిలబడింది. వింది. నడిచి వెళ్ళి ప్లగ్గు పట్టుకుని లాగేసింది. ప్లగ్గు చేతిలో ఉంది.

గర... గర...

భయం వేసింది ఆవిడకి. వెయ్యలేదని తర్వాత ఎప్పుడూ బుకాయించలేదు. కానీ ఆవిడకి భయం వేస్తే దాని వెనకే కోపం కూడా వస్తుంది, పుట్టుకతో వచ్చిన జబ్బది. తన ఇంట్లో, తన చేత్తో బాగుచేసిన మిషన్, తనకి తెలియకుండా నడవడమేమిటి? టార్చి తీసుకుని నేల మీద బోర్లా పడుకుంది. ఆరు స్క్రూలూ వేళ్ళతో తిప్పితేనే వచ్చేశాయి. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నడుస్తున్న మిషన్‌ని విప్పి, పలక పక్కన పెట్టి, లోపలికి వెలుగు వేసింది.

మోటారు లేదు.

కాలిపోయిన మోటారు కాదు, ఎవరో దొంగిలించిన మోటారు కాదు. మోటారు బిగించే నాలుగు రంధ్రాల్లో ఫ్యాక్టరీలో వేసిన పెయింటు చెక్కుచెదరకుండా ఉంది. ఆ రంధ్రాల్లో ఏనాడూ ఒక్క బోల్టు కూడా దిగలేదు. ఖాళీ. ఆ ఖాళీ పైన, ఆవిడ ముఖానికి జానెడు దూరంలో, పెట్టె లోపల...

గర... గర. టంగు.

ఆగింది.

"ఇంకా ఉన్నాయా?"

ఆడగొంతు. అలిసిపోయిన గొంతు. కోపం లేదు, ఏడుపు లేదు. పని పూర్తి కావచ్చిందేమోనని అడిగినట్టు అడిగింది, అంతే.

"ఆఁ, ఇంకో నాలుగు..." అంటూ చెల్లెలు చటుక్కున నోరు నొక్కుకుంది. ఆవిడ ముఖం పాలిపోయింది.

స్పానరక్క నేల మీంచి నెమ్మదిగా లేచింది. "నువ్వెందుకు జవాబు చెప్పావు?" అంది గుసగుసగా.

"రోజూ అడుగుతుందక్కా... నువ్వే వరండాలోంచి అడుగుతున్నావనుకున్నాను."

"రోజూ చెప్తున్నావా?"

"ఉన్నంతవరకు ఉన్నాయనే చెప్పాను."

స్పానరక్క గొడుగు కూడా తీసుకోలేదు. చెల్లెల్ని పక్కింట్లో కూర్చోబెట్టి, వానలో తడుస్తూ ఇనపకొట్టుకి వెళ్ళి ముసలాయన ముందు నిలబడింది. "కొరివితో నా తలే గోక్కునేట్టు చేశావు. ఇప్పుడు నిజం చెప్పు."

ముసలాయన కాసేపు గొణిగాడు. తర్వాత చెప్పాడు. కుర్రతనంలో ఆయన ఆ క్లబ్బుకి గ్యాస్ బండలు మోసేవాడు. అప్పట్లో అలాంటి మిషన్ ఊళ్ళో ఎవరికీ లేదు. వచ్చిన పెద్దమనుషులందరినీ వంటింట్లోకి తీసుకెళ్ళి చూపించేవారు. చెయ్యి తడవకుండా అంట్లు తోమే యంత్రమని.

"నడిచేదా?"

"మోటారు లేకుండా ఏం నడుస్తుందమ్మా. చూపుకి తెప్పించిన ఖాళీ పెట్టె అది. వెనక రేకు కోసేసి గోడకి ఆనించారు. గోడకి కూడా అంతే కన్నం. ముందు నుంచి ఎంగిలి కంచాలు పెడితే, అవతల నుంచి ఆడవాళ్ళు చేతులు పెట్టి తీసుకుని, తోమి, మళ్ళీ లోపల సర్దేవాళ్ళు. వాళ్ళని ఎవరూ చూడకూడదు. పొద్దున్న వెళ్తే రాత్రికి బయటికి రావాలి. అందరూ మిషన్‌ని మెచ్చుకునేవారు."

"ఆ ఆడవాళ్ళేమయ్యారు?"

"నేనెప్పుడూ చేతులే చూశానమ్మా. గుడ్డలు కట్టుకున్న వేళ్ళు." ముసలాయన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "మొన్న పడగొట్టినప్పుడు నేనూ ఉన్నాను. అవతల గదిలో పాత సామానేదైనా దొరుకుతుందని చూశాను. గది లేదు. గోడ వెనక ఇంకో గోడ. మధ్యలో చెయ్యి పట్టే సందు కూడా లేదు."

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. వాన సన్నబడింది, కరెంటు రాలేదు. పక్కింట్లో కూర్చోమన్న చెల్లెలు వంటింట్లో మిషన్ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అక్క చెప్పినదంతా కదలకుండా వింది.

"వదిలేద్దామక్కా" అంది చివరికి. "మనం కోసింది కాదు, మనం కట్టింది కాదు. వాళ్ళకీ అలవాటయిపోయింది. నా చేతులు చూడు. ఏడాది తర్వాత పిడికిలి పట్టగలుగుతున్నాను."

పిడికిలి పట్టి చూపించింది. ఒక్క క్షణం స్పానరక్క కూడా ఊగింది. ఆ పిడికిలి కోసమే కదా ఇదంతా. నోరు మూసుకుని పలక బిగించేస్తే, రేపు మూడింటికి మళ్ళీ నాబ్ తిప్పుకోవచ్చు. ఎవరడిగారు, ఎవరు చూశారు. క్లబ్బువాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటారు కదా అని తోచేసరికి సిగ్గేసింది. అప్పుడు చూసింది పిడికిలి విప్పిన ఆ వేళ్ళ కొసల్ని. తెల్లగా, ముడతలు ముడతలుగా...

"పొద్దున్నుంచి నీళ్ళలో చెయ్యి పెట్టావా?"

"లేదు."

"మందు రాశావా?"

"మందు అయిపోయి వారమైంది కదక్కా."

స్పానరక్క వంగి మిషన్ తలుపు తెరిచి, అడుగున జాలీ విప్పింది. గుడ్డ తొడుగు ఉంది. టార్చి వెలుగులో పెట్టింది. పసుపు గుడ్డ. చెల్లెలు కట్టే ముడే. పొయ్యిలో బూడిదైపోయిన గుడ్డ.

స్పానరక్క చీర చెంగు దోపి, మిషన్‌ని గోడ నుంచి వంటింటి మధ్యకి ఈడ్చింది. ఉలి, సుత్తి తెచ్చి వెనకాల కూర్చుంది. "తాడో పేడో ఇవాళే" అంది, ఎవరితో అన్నదో మరి. ఒక్కొక్క దెబ్బకి ఒక్కొక్క రివిట్ తల ఎగిరిపోయింది. పద్దెనిమిది రివిట్లు. అతుకు రేకు ఊడి నేల మీద పడి గలగలమంది.

వెనక నుంచి చూసింది. పెట్టె అవతల, తెరిచిన తలుపులోంచి, పీట మీద కూర్చున్న చెల్లెలి పాదాలు కనపడ్డాయి. మామూలుగా, ఎదురుగా. లేచి చుట్టూ తిరిగి ముందుకి వచ్చింది. ముందు నుంచి చూసింది.

చీకటి. వెనక అంత కన్నముంది, కిటికీ వెలుతురుంది. ముందు నుంచి చూస్తే మాత్రం చీకటి. చల్లగాలి. తడి బూడిద వాసన.

"నువ్వు ఆ గోడ దగ్గరికి పో" అంది చెల్లెలితో. "టార్చి పట్టుకుని నిలబడు. రెండు చేతులతో పట్టుకో. ఏం విన్నా జవాబు చెప్పకు."

చెల్లెలు వెళ్ళి గోడకి ఆనుకుంది.

స్పానరక్క మిషన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వీధి చివరిదాకా వినపడే తన మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"అమ్మా. ఎంతమంది ఉన్నారో, ఎవరెవరున్నారో నాకు తెలియదు. ఇది నా ఇల్లు. ఇక్కడ చచ్చినవాళ్ళ చేత అంట్లు తోమించుకునే అలవాటు లేదు. బతికున్నవాళ్ళ చేత కూడా నెత్తురు కారేలా తోమించం. చాలు. లేవండి."

టిక్... టిక్...

"ఇంకా ఉన్నాయా?"

"లేవు" అంది స్పానరక్క. "అయిపోయాయి. ఒక్క కంచం కూడా లేదు. బయటికి రండి."

టిక్కు టిక్కు ఆగింది. ఎవరో ఆ మాట నమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. ఆ తర్వాత ఎక్కడో లోపల... చాలా లోపల, ఆ పెట్టెలో పట్టనంత దూరంలో... గిన్నె కింద పెట్టిన చప్పుడు. ఇంకొకటి. ఇంకొకటి. ఒకరి తర్వాత ఒకరు పని ఆపుతున్నట్టు. స్పానరక్క లెక్కపెట్టింది. పదకొండు దాకా లెక్కపెట్టి మానేసింది.

ఒక్క చోట మాత్రం ఆగలేదు. దగ్గరగా. గర... గర... గర.

"నువ్వు కూడా" అంది స్పానరక్క. "ఆపు."

గర... గర...

కుడిచెయ్యి మోచేతిదాకా లోపలికి పెట్టింది. చల్లటి నీళ్ళు. పీచు. తడి... ఒక చెయ్యి. దొరికింది. గట్టిగా పట్టుకుంది. గుడ్డ లేదు ఆ వేళ్ళకి. కొత్తగా మానిన చర్మం, కణుపుల దగ్గర ఇంకా నునుపుగా ఉంది. స్పానరక్క వేళ్ళు ఆ చేతిని తడుముకుంటూ చివరికి వెళ్ళాయి.

చిటికెన వేలు వంకరగా ఉంది.

వెనక గోడ దగ్గర టార్చి కింద పడింది.

"అక్కా..." చెల్లెలి గొంతు గాలిలా వచ్చింది. "నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు."

"నేనే" అంది స్పానరక్క, వెనక్కి తిరగకుండా. "నేనే పట్టుకున్నాను. భయపడకు. ఈసారి తలుపు వెయ్యను."

"నువ్వు కాదక్కా. రెండో చెయ్యి."

స్పానరక్క పాదం మిషన్ అంచుకి తన్నిపెట్టింది. ఎడమచేతిని కూడా చీకట్లోకి దూర్చి, చెల్లెలి మణికట్టు అందుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగింది.

అవతల నుంచి కూడా ఎవరో లాగారు.